నీళ్లు నిలవని కప్పు

గృహప్రవేశానికి వచ్చిన బంధువులకు హాలు చూపిస్తాం, వంటగది చూపిస్తాం, దేవుడి గది చూపిస్తాం. డాబా మీదికి తీసుకెళ్తే అక్కణ్ణుంచి ఊరు ఎంత బాగా కనిపిస్తుందో చూపించడానికే. కాళ్ల కింద ఉన్న స్లాబును ఎవరూ చూడరు. ఇల్లు మొత్తంలో ఎండంతా, వానంతా నేరుగా తీసుకునేది అదే. గోడల రంగు వెలిస్తే వెంటనే పెయింటరుకు ఫోన్ చేస్తాం. కప్పు సంగతి మాత్రం మంచం మీద చుక్క పడ్డాకే గుర్తొస్తుంది. ఆ చుక్క కింద పడేనాటికి నీరు స్లాబులోకి దిగడం మొదలై చాలా కాలం అయి ఉంటుంది.

ఇంటి యజమానులకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. కప్పు చేయాల్సిన పని నీటిని త్వరగా కిందికి పంపించేయడం. నీటితో పోరాడి ఆపడం సిమెంటు వల్లా కాదు, కెమికల్ వల్లా కాదు. నిలిచిన నీటికి టైమిస్తే ఎక్కడో ఒకచోట దారి వెతుక్కుంటుంది. అందుకే రిపేరుకు పిలిచిన మేస్త్రీని ఏ కెమికల్ కొడతావని అడిగే ముందు, నీళ్లు ఎటు పోతాయని అడగాలి.

మన పాత ఇళ్లు ఈ సూత్రం మీదే నిలిచాయి. తాటాకు కప్పుకు నిటారు వాలు ఉంటుంది కాబట్టే ఆకులోంచి నీరు దిగేలోపే చూరు చేరుతుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు చుట్టిళ్లకు కప్పు గుండ్రంగా శంకువులా ఉంటుంది. దాని మీద నీరూ నిలవదు, తుపాను గాలికి పట్టు కూడా దొరకదు. 1860ల్లో మంగళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వాళ్లు మొదలుపెట్టిన పెంకుల పరిశ్రమ నుంచి వచ్చిందే మనం బంగళా పెంకు అనేది. దాని అంచుల్లో ఉండే గాళ్లు ఒక పెంకు నీటిని కింది పెంకు మీదికి అందిస్తాయి.

రాయలసీమ మట్టి మిద్దె సంగతి వేరు. అది చదునుగా ఉంటుంది. దూలాలు, వాటి మీద కర్రలో బండలో, ఆపైన మట్టి. వాన పడితే కరిగిపోవాలి కదా? అక్కడివాళ్లు వానాకాలం ముందు మిద్దెనెక్కి చౌడు మట్టి పరిచేవాళ్లు. చౌడులో సోడియం ఎక్కువ. తడి తగలగానే దాని సన్నని రేణువులు విడివడి సందులన్నిటినీ పూడ్చేస్తాయి. పైపొర బిగుసుకుపోయి నీటిని కిందికి దిగనివ్వదు. పొలంలో పంట పండనివ్వని గుణమే మిద్దె మీద ఇంటిని కాపాడేది. చౌడు పరిచేటప్పుడే మొలిచిన గడ్డి పీకేవాళ్లు, గుంటలు పూడ్చేవాళ్లు, తూము శుభ్రం చేసేవాళ్లు. అంటే ఏడాదికోసారి ఎవరో ఒకరు కప్పంతా చేత్తో తడిమి చూసేవారన్నమాట. సిమెంటు స్లాబు వచ్చాక మనం వదిలేసింది ఆ ఏటేటి తనిఖీనే.

డాబా ఎక్కి ఏం చూడాలి

స్లాబు అడుగున సెంట్రింగు చదునుగానే కడతారు. వాలు అంతా పైన వేసే గచ్చుతో రావాలి. వంద అడుగులకు అడుగు, అంటే పది అడుగులకు అంగుళంపావు దిగాలి. చాలా ఇళ్లలో ఈ వాలు మేస్త్రీ కంటి అంచనాకే వదిలేస్తారు. మీ డాబా వాలు తెలియాలంటే ఇంజనీరు అక్కర్లేదు. పెద్ద వాన వెలిసిన అరగంటకు పైకెక్కి, నీళ్లు నిలిచిన చోటల్లా సుద్దముక్కతో చుట్టూ గీత గీయండి. మర్నాటికి కూడా ఆరని గుంటలుంటే మీ ఇంటి జబ్బు దాదాపు అక్కడే ఉంది. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు నీరు నిలిస్తే తొమ్మిది వందల లీటర్లు దాటుతుంది. నిండు వాటర్ ట్యాంకు బరువు అడక్కుండానే నెత్తిన పెట్టుకున్నట్టు.

తర్వాత నీళ్లు దిగే గొట్టం మూతి దగ్గర కూర్చోండి. నా అనుభవంలో సగం డాబాల కథ ఇక్కడే తెలిసిపోతుంది. ఎండుటాకులు, పావురం ఈకలు, సంక్రాంతి గాలిపటాల దారం, పాల కవర్లు, వీటన్నిటి మీదా పేరుకున్న మట్టి. ఆ మట్టిలో ఒక మొక్క. అవన్నీ తీసి, మూతి చుట్టూ వేలితో నొక్కి చూడండి. ప్లాస్టిక్ గొట్టానికీ సిమెంటుకూ అతుకు ఎప్పటికీ గట్టిగా పడదు. ఎండకు రెండూ రెండు రకాలుగా సాగుతాయి. కాబట్టి చుట్టూ సన్నని ఖాళీ వస్తుంది. అక్కడ వేలిగోరు దూరితే నీరు ధారాళంగా దూరుతుంది. ఆ ఖాళీని అరంగుళం లోతు గాడిగా కోయించి, సిమెంటుతో కాక సాగే గుణమున్న సీలెంటుతో నింపించాలి. మూతి చుట్టుపక్కల గచ్చు కంటే అరంగుళం పల్లంలో ఉండాలి. గట్టు మీద మూతి ఉన్న డాబాలు కొన్ని చూశాను. అక్కడ గొట్టం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఎంత చిన్న డాబాకైనా రెండు గొట్టాలు ఉండాలి. అవి రెండూ పూడుకుపోయిన రోజున నీరు బయటికి పోయేందుకు పిట్టగోడలో ఒక రంధ్రం కూడా పెట్టించుకోండి.

పిట్టగోడ, స్లాబు కలిసే చోట పొడవునా తిన్నని గీతలా పగులు కనిపిస్తుంది. ఇటుక గోడ కదలిక వేరు, కాంక్రీటు కదలిక వేరు కాబట్టి రావడం సహజం. వదిలేయడం తప్పు. పగులును వెడల్పు చేసి, పాలిమర్ కలిపిన మాలుతో నింపి, ఆ మూలను లంబంగా కాకుండా గుండ్రంగా తిప్పించండి. పైన వేసే పూత ఆ మూలతో ఆగకుండా గోడ మీదికి ముప్పావు అడుగైనా ఎక్కాలి. పిట్టగోడ నెత్తిన గచ్చు వాలు లోపలి వైపు ఉంటే బయటి గోడ మీద నల్లటి చారలు పడవు.

పై అంతస్తు వేద్దామని వదిలేసిన పిల్లర్ ఊచలు మన ఊళ్లలో వీధికి పది ఇళ్ల మీద కనిపిస్తాయి. ఆ అంతస్తు పదిహేనేళ్లైనా పడదు. ఊచ తుప్పు పడుతూ, దాని వెంటే నీరు పిల్లరులోకి దిగుతూ ఉంటుంది. రెండేళ్లలో పై అంతస్తు వేసే ఆలోచన లేకపోతే ఆ ఊచల మీద బలహీనపు కాంక్రీటు దిమ్మె పోయించి మూసేయండి. రేపు కావాలంటే పగలగొట్టుకోవచ్చు.

పక్షుల రెట్టలతో పడిన రావి, మర్రి గింజలు పగుళ్లలో మొలుస్తాయి. మొక్కను పైకి తుంచేస్తే వేరు ఇంకా లావెక్కుతుంది. చిన్నగా ఉండగానే వేరుతో సహా లాగి, ఆ పగులును తెరిచి పూడ్చాలి.

ఇప్పుడు సోలార్ ప్యానెళ్లు పెట్టించుకునేవాళ్లు ఎక్కువయ్యారు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. మంచిదే. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ప్యానెళ్లు పాతికేళ్లు ఉంటాయి. వాటి కింద కప్పు బాగుచేయాలంటే అన్నీ విప్పాలి. కాబట్టి వాటర్ ప్రూఫింగ్ ముందు, ప్యానెళ్లు తర్వాత. స్టాండ్ల కోసం స్లాబుకు బోల్టులు దింపుతామంటే ఒప్పుకోకండి. కాంక్రీటు దిమ్మెల మీద బరువుతో నిలిపే పద్ధతి ఉంది.

చెమ్మ చెప్పే కథ

లోపల చెమ్మ మచ్చ కనిపించిన చోటికి సరిగ్గా పైనే లోపం ఉందనుకుని అక్కడ మాత్రమే రిపేరు చేయించి మోసపోతారు. స్లాబులో కరెంటు పైపులు పాతి ఉంటాయి. పది అడుగుల దూరాన దిగిన నీరు ఆ పైపులో పరిగెత్తి ఫ్యాను కొక్కెం దగ్గర కారవచ్చు. ఫ్యాను దగ్గరో లైటు దగ్గరో చుక్క కనిపిస్తే ముందు ఆ గదికి కరెంటు ఆపేయండి. మిగతాదంతా తర్వాత.

మండు వేసవిలో కూడా చెమ్మ తగ్గలేదంటే అది వాన నీరు కాదు. పైన ట్యాంకునో, బాత్రూము పైపునో అనుమానించాలి. చెమ్మ మచ్చ అంచున తెల్లటి ఉప్పులాంటి పొడి ఉంటే నీరు కాంక్రీటులోని సున్నాన్ని కరిగించి తెస్తోందని అర్థం. అదే చోట ఎర్రటి గోధుమరంగు చార కనిపిస్తే లోపల ఇనుము తుప్పు పడుతోంది. అది మరింత తొందరపడాల్సిన గుర్తు.

సందేహం తీరకపోతే గొట్టాల మూతులు గుడ్డతో బిగించి, డాబా మీద రెండంగుళాల నీరు ఒక పగలూ రాత్రీ నిలిపి చూస్తారు. కొత్త ఇల్లు అప్పగించుకునే ముందు బిల్డరుతో ఈ పరీక్ష చేయించడం మీ హక్కనుకోండి. బాగా పాతబడి కుంగిన స్లాబు మీద మాత్రం వద్దు.

మందు కొట్టించే ముందు

వాటర్ ప్రూఫింగ్ పూతలు పనికిరావని నేను అనను. తప్పు క్రమంలో వేస్తే డబ్బు నీళ్లపాలు. ముందు వాలు, తర్వాత మూలలు, పగుళ్లు, గొట్టాల మూతులు, ఆఖరున పూత. చాలామంది ఆఖరి పని మాత్రమే చేయించుకుంటారు. మామూలు యాక్రిలిక్ పూత మన ఎండకు మూడు నుంచి ఐదేళ్లు వస్తుంది. నీరు నిలిచే చోట అంత కూడా రాదు, ఉబ్బి పొరలుగా లేస్తుంది. పాలీయురేథేన్ పూతలు ఖరీదు, మన్నిక కూడా ఎక్కువ. తారు షీటు పరిచేవాళ్లు దాని మీద ఎండ నేరుగా పడకుండా గచ్చో టైల్సో వేయాలి.

పూత ఏదైనా దానికి కింద పొడి నేల కావాలి. ముందు రోజు సాయంత్రం రెండడుగుల చదరం పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు డాబా మీద పరిచి నాలుగు అంచులూ టేపు వేయండి. తెల్లారి షీటు లోపల నీటి బిందువులు కనిపిస్తే ఆ రోజు పని వద్దని చెప్పండి. కూలీలు వచ్చేశారనీ, రేపు ఇంకో సైటుందనీ మేస్త్రీ తొందరపెడతాడు. "మేస్త్రీ గారూ, ఆరకుండా వేస్తే మీ పేరే పోతుంది" అని నచ్చజెప్పి ఆపండి. సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి మే నెలాఖరు దాకా ఈ పనికి అనువైన కాలం. నెల్లూరు, తిరుపతి వైపు అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లో కాబట్టి సెప్టెంబరులో ఇంకోసారి ఎక్కి చూసుకోవాలి.

కారినప్పుడల్లా పాత గచ్చు మీదే కొత్త గచ్చు వేయించడం చాలా చెడ్డ అలవాటు. అంగుళం మందం గచ్చు చదరపు మీటరుకు సుమారు 50 కిలోలు. మనుషులు తిరిగే డాబా మీద చదరపు మీటరుకు 150 కిలోల బరువు పడుతుందన్న లెక్కతో స్లాబును డిజైన్ చేస్తారు. మూడో పొర దగ్గరికొచ్చారంటే పాతవి తీయించాల్సిందే. మిద్దెతోట పెంచేవాళ్లకూ ఇదే లెక్క. తడిసిన మట్టి అడుగు మందాన ఉంటే చదరపు మీటరుకు ఐదొందల కిలోలు దాటుతుంది. తోట వద్దని కాదు, మిద్దెతోట ఉన్న ఇల్లంటే నాకెంతో ఇష్టం. పెద్ద మడులను దూలాల మీద, పిల్లర్ల దగ్గర పెట్టండి. మట్టిలో కొబ్బరిపొట్టు, కంపోస్టు పాలు పెంచండి. కుండీల కింద నీరు పారేలా కాళ్లు పెట్టండి.

పెచ్చులూడుతుంటే

సీలింగు నుంచి పెచ్చులూడడాన్ని చాలామంది ప్లాస్టరింగు సమస్య అనుకుంటారు. ఇనుము తుప్పు పడితే అది ముందున్న దానికి ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు విరిగి పడుతుంది. చిన్న సుత్తితో మెల్లగా సీలింగును కొట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా ఉన్నచోట కణేల్‌మని, ఊడబోయే చోట డొల్లగా శబ్దం వస్తుంది. కింద పిల్లలు పడుకునే మంచం ఉంటే ఈ పరీక్ష ఇవాళే చేయండి.

దీని మీద ప్లాస్టరు పూసి రంగు వేయడం చాలా ప్రమాదం. లోపల తుప్పు ఆగదు, కనిపించడం మాత్రం ఆగుతుంది. వదులైన కాంక్రీటంతా కొట్టేసి, ఊచ వెనకవైపు కూడా కనిపించేలా తీసి, తుప్పు పోయేదాకా బ్రష్షుతో గీకి, తుప్పు నిరోధించే ప్రైమర్ వేసి, పాలిమర్ మాలుతో నింపాలి. ఊచే సన్నబడిపోయి ఉంటే మేస్త్రీతో అయ్యే పని కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి.

కొత్తగా కట్టేవాళ్లు దీన్ని కొద్దిపాటి ఖర్చుతో నివారించవచ్చు. ఊచ కింద కాంక్రీటు మందం మామూలు చోట కనీసం 20 మిల్లీమీటర్లు, సముద్రపు గాలి నేరుగా తగిలే ఊళ్లలో 45 ఉండాలని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. స్లాబు పోసే రోజు ఊచల కింద కవర్ బ్లాకులు ఉన్నాయో లేదో వంగి చూడండి. కంకర రాయి ముక్కలు పెట్టి సరిపెడుతుంటే ఒప్పుకోకండి. పోశాక మళ్లు కట్టి కనీసం ఏడు రోజులు, మన వేసవిలో అయితే పది రోజులు నీళ్లు నిలపాలి.

రేకులు, పెంకులు

సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. అది ఏ రకమైనా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పగలకుండా పైన ఉన్న రేకు కంటే కోసిన, రంధ్రం చేసిన, పొడిగా గీకిన రేకు ఎక్కువ ప్రమాదం. పని తప్పదనుకుంటే బాగా తడిపి చేయించండి, దుమ్మును చీపురుతో ఊడవకండి, విరిగిన ముక్కలను పొయ్యి గట్టుకో దారికో వాడకండి. రేకు మీద నేరుగా కాలు పెట్టకండి. పాత రేకు చెప్పకుండా విరుగుతుంది. కింది పైపుల మీద ఆనేలా పలక వేసుకుని దాని మీద నడవాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు రేకులు ఎగిరి వీధుల్లో పడ్డాయి. గాలి కప్పును కిందికి తోయదు, పైకి పీలుస్తుంది. అంచులు, మూలల దగ్గర ఆ పీల్పు మరీ ఎక్కువ. కాబట్టి అక్కడ కొక్కేలు దగ్గర దగ్గరగా ఉండాలి. బోల్టు రేకు గట్టు మీద పడాలి, పల్లంలో పడకూడదు. దాని కింది రబ్బరు వాషరు ఎండకు గట్టిపడి చిట్లుతుంది. కారడం అక్కణ్ణుంచే. వాషర్లు మార్చడానికి అయ్యే ఖర్చు ఒక పూట కూలి.

పెంకుటింటివాళ్లకు తెలంగాణ పల్లెల్లో వానకంటే కోతుల బాధ ఎక్కువ. చాలామంది విసిగి రేకులు వేసుకున్నారు, వేసవిలో ఉడికిపోతున్నారు. పెంకు ఉంచుకోగలిగినవాళ్లు అదే అచ్చు పెంకులు పాతిక ముప్పై పక్కన దాచుకోండి. కూల్చిన ఇళ్ల దగ్గర దొరికినప్పుడే కొనండి. ఏటా పెంకులు సర్దించేటప్పుడు కింద వాసాలకు, బద్దలకు చెద పట్టిందేమో కూడా చూడమనండి.

వేడి సంగతి

2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్, అంటే ఎండను వెనక్కి పంపే కప్పు విధానం తెచ్చింది. 600 చదరపు గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే ఇళ్లకు ఇది తప్పనిసరి, చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. మీ స్థలం ఎంతైనా సరే ఈ పని చేయండి. డాబాకు తెల్లటి పూత వేస్తే ఎండలో ఎక్కువ భాగం వెనక్కి వెళ్తుంది, కింది గది రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా చల్లబడుతుంది. డబ్బున్నవాళ్లకు కూల్ రూఫ్ పెయింటు ఉంది. లేనివాళ్లు మార్చిలో రెండు పూతల సున్నం వేసినా తేడా తెలుస్తుంది. వానకు కొంత పోతుంది, మళ్లీ ఏడాది వేసుకోవాలి. స్లాబు తక్కువ వేడెక్కితే తక్కువ సాగుతుంది, పగుళ్లూ తగ్గుతాయి. తెల్లటి డాబా మీద దుమ్ము చేరితే ఫలితం పడిపోతుంది కనుక అప్పుడప్పుడు కడగాలి.

అపార్ట్‌మెంటులో ఉంటే

పై అంతస్తు వాళ్ల ఇంట్లో కారుతుంటే "అది మీ సమస్య" అని కింది వాళ్లు తప్పుకోవడం అసోసియేషన్ మీటింగుల్లో తరచూ వినే మాట. కప్పు ఉమ్మడి ఆస్తి, ఆ ఖర్చు అందరిదీ. స్లాబులో తుప్పు పట్టిన ఇనుము అన్ని అంతస్తులనూ మోసే చట్రంలో భాగమని కింది ఫ్లాటు వాళ్లు అర్థం చేసుకోవాలి. ఇల్లు కొత్తదైతే ఇంకో దారి ఉంది. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం, స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో లోపం బయటపడి మీరు తెలియజేస్తే బిల్డరు 30 రోజుల్లో అదనపు డబ్బు తీసుకోకుండా సరిచేయాలి. ఫోన్లో చెప్పి ఊరుకోకండి. తేదీ కనిపించే ఫొటోలతో, రాతపూర్వకంగా, రశీదు వచ్చే పద్ధతిలో పంపండి. స్వాధీనపు తేదీ ఉన్న కాగితం బయటికి తీసి, ఐదేళ్లు ఎప్పుడు పూర్తవుతాయో చూసుకుని, దానికి ముందొచ్చే ఆఖరి వానాకాలం దాటకుండా డాబా మొత్తం ఒకసారి తనిఖీ చేయించండి.